గుమ్మం దగ్గరే సగం సంగతి తెలుస్తుంది: ఎల్డెన్ రింగ్ ఆప్షనల్ డంజన్ల మీద ఒక ప్రసంగం

అందరికీ వినిపిస్తోందా? వెనక నిలబడ్డవాళ్లు ఒకసారి చెయ్యి ఊపండి. ఆ, సరే. ముందు ఒక లెక్క తేల్చుకుందాం. ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్ మొదలుపెట్టినవాళ్లు ఎంతమంది? బాగానే ఉన్నారు. చివరి బాస్‌ని, అంటే ఆఖరి పెద్ద శత్రువుని, కొట్టి క్రెడిట్స్ దాకా చూసినవాళ్లు? చూశారా, సగం చేతులు దిగిపోయాయి. పర్లేదు, ఈ మాటలు ముఖ్యంగా చేతులు దించినవాళ్ల కోసమే. స్పాయిలర్లు ఉంటాయి, ముందే చెప్పేస్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

గేమ్ వచ్చింది 2022 ఫిబ్రవరి 25న. ఇన్నేళ్లయినా కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగేది ఒకటే. "అన్నా, కథకి అవసరం లేని చిన్న చిన్న డంజన్లు, అదే గుహలూ గనులూ సమాధులూ, ఉన్నాయి కదా, అవన్నీ ఆడాలా, వదిలేయాలా?" అన్నీ ఆడక్కర్లేదు. అలాగని కళ్లు మూసుకుని అన్నీ వదిలేస్తే గేమ్ మిమ్మల్ని చావగొడుతుంది. ఏది ఆడాలి, ఏది వదలాలి అన్నది గుమ్మం దగ్గరే చాలావరకు తెలిసిపోతుంది. ఇవాళ నేను చెప్పేదంతా ఆ గుమ్మం గురించే. ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి, చూడగానే ఏం అర్థం చేసుకోవాలి, లోపలికి వెళ్లాక ఎలా బయటపడాలి.

అసలు కథకి తప్పనిసరి ఏది అని ఎప్పుడైనా ఆలోచించారా? రాజధాని లేండెల్‌లోకి పోవాలంటే రెండు గ్రేట్ రూన్లు, అంటే కొందరు పెద్ద బాసులని కొడితే వచ్చేవి, ఉండాలి. రెండు. అంతే. ఏ రెండైనా పర్లేదు. స్టార్మ్‌వీల్ కోట, అదే గాడ్రిక్ అనే బాస్ ఉండే కోట, మనందరం మొదటి వారం తలలు బాదుకున్న ఆ కోటనే పక్కనున్న కొండ అంచు దారి పట్టుకుని దాటేయొచ్చు. మలీనియా అనే బాస్ ఆప్షనల్. ఆవిడుండే హాలిగ్‌ట్రీ ప్రాంతం మొత్తం ఆప్షనల్. మోగ్ అనే బాస్ కూడా ఆప్షనల్, డీఎల్‌సీ, అంటే తర్వాత వచ్చిన అదనపు భాగం, ఆడాలనుకుంటే తప్ప. ఇక ఈ గుహలూ గనులూ సమాధులూ ఎవరికి కావాలి అంటారా? మీకే కావాలి. ఎందుకంటే ఈ గేమ్‌లో మీ బలం కథ దారిలో పడి ఉండదు, పక్కదారుల్లో పడి ఉంటుంది.

సరే, కనిపెట్టడం దగ్గర మొదలుపెడదాం.

జెల్డా ఆడినవాళ్లు ఉంటారు ఇక్కడ. 2017లో వచ్చిన బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో 120 ష్రైన్లు, చిన్న పజిల్ డంజన్లన్నమాట. ఇంకా ఆడనిది ఆరెంజ్ రంగులో మెరుస్తూ కొండ మీంచి కనిపిస్తుంది, ఆడేశాక నీలంగా మారుతుంది. పైగా చేతిలో సెన్సార్, దగ్గరికి వెళ్తే కుయ్ కుయ్ అంటుంది. దాని తర్వాతి గేమ్‌లో ఇంకా తెలివైన పని చేశారు. నేల మీది ప్రతి ష్రైన్‌కీ సరిగ్గా కింద, పాతాళంలో ఒక లైట్‌రూట్ ఉంటుంది, దాని పేరు ఈ ష్రైన్ పేరుని తిరగేసి రాసినట్టు ఉంటుంది. కింద ఒకటి దొరికితే పైన ఒకటి దొరికినట్టే. నాకు చాలా నచ్చిన ఏర్పాటు అది. కానీ అక్కడ కనిపెట్టే బాధ్యత సగం గేమ్‌దే.

ఎల్డెన్ రింగ్‌లో సెన్సార్ లేదు. ప్రశ్నార్థకాలు లేవు, పసుపు చుక్కలు లేవు. అందుకని చాలామంది ఏమనుకుంటారంటే, ఈ గేమ్ ఏమీ చెప్పదు, ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని ఆడాల్సిందే అని. కాదండి. చెప్తుంది. నేల చెప్తుంది. కాస్త చూడాలంతే.

మొదటి సంగతి, మ్యాప్ ముక్కలు. రోడ్డు పక్కన నిలబెట్టిన రాతి ఫలకాల దగ్గర దొరుకుతాయి, ఇంకా తెరుచుకోని మ్యాప్ మీద కూడా ఆ ఫలకం బొమ్మ సన్నగా కనిపిస్తూనే ఉంటుంది. కొత్త ప్రాంతంలో అడుగుపెడితే మిగతావన్నీ ఆపి ముందు అది తీసుకోండి. ఎందుకంటే మ్యాప్ తెరుచుకున్నాక జూమ్ చేసి చూడండి, అక్కడక్కడా ఎర్రటి నారింజ అంచుతో చిన్న నల్లటి గుంటల్లాంటివి గీసి ఉంటాయి. అవి గనులు. టన్నెల్ అని పేరుండే డంజన్లన్నమాట. మ్యాప్ గీసినవాడు గని నోరు గీసి పెట్టాడు, మనం అలంకారం అనుకుని దాటేస్తాం. ఎంతమందికి తెలుసు ఈ సంగతి? ఆ... నలుగురు. చూశారా.

రెండోది, వంగిపోయిన ముసలాయన విగ్రహం. దారి పక్కన, పొదల్లో, కొండ మలుపులో కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి బటన్ నొక్కితే దాని నుంచి తెల్లటి వెలుగు గీతలా ఒక దిక్కుకి పోతుంది. ఆ దిక్కున ఒక కాటకోంబ్, అంటే నేలమాళిగ సమాధి ఉంటుంది. మీరు చేయాల్సిందల్లా గీత ఎటు పోయిందో చూసి, ఆ వైపు ఒక బీకన్ పెట్టుకోవడం. బీకన్లు ఐదు పెట్టుకోవచ్చు, ఆకాశంలోకి వెలుగు స్తంభంలా నిలబడతాయి. ఇవి కాక మ్యాప్ మీద గుర్తులు వంద దాకా పెట్టుకోవచ్చు. వంద ఇచ్చాడు మహానుభావుడు, మనం ఒక్కటి కూడా వాడం. గెలవలేక వదిలేసిన బాస్‌కి పుర్రె గుర్తు, తాళం ఉన్న తలుపుకి ఇంకో గుర్తు, ఇలా మీకంటూ ఒక పద్ధతి పెట్టుకోండి. ఇరవై గంటల తర్వాత మీరు మీకే థాంక్స్ చెప్పుకుంటారు.

మూడోది, చెట్లు. పెద్ద బంగారు చెట్టు ఎర్డ్‌ట్రీ కాకుండా, ప్రాంతానికొకటో రెండో చిన్న ఎర్డ్‌ట్రీలు ఉంటాయి కదా. వాటి చుట్టుపక్కల కాటకోంబ్ ఉందేమో చూడండి. ప్రతిసారీ ఉంటుందని నేను అనను. కానీ ఉండటానికి కారణం ఉంది. ఈ లోకంలో చచ్చిపోయినవాళ్లని ఎర్డ్‌ట్రీ వేళ్లకి చేరుస్తారు, ప్రాణం తిరిగి చెట్టులోకి పోవాలని. అందుకే కాటకోంబ్ లోపలికి వెళ్తే గోడల్లోంచి పొడుచుకొచ్చిన లావుపాటి వేళ్లు, వాటికి ఆనించిన శవాలు కనిపిస్తాయి. అంటే ఈ డంజన్లని ఎక్కడ పడితే అక్కడ చల్లలేదు. చెట్టు ఉంటే వేళ్లుంటాయి, వేళ్లుంటే సమాధులుంటాయి. ఆ లెక్క ఒకసారి బుర్రకెక్కితే ఎక్కడ వెతకాలో మీకే తెలిసిపోతుంది.

ఇక గుహలకి ఇలాంటి గుర్తులేం లేవు, వాటికి తిరగడమే మార్గం. కొండ పాదం, వాగు ఒడ్డు, సముద్రపు ఒడ్డు. గుర్రం మీద పైపైన పోతే కనపడవు. కొండ గోడని ఒక పక్కకి పెట్టుకుని దాని వెంబడే పోండి, చాలావరకు దొరికిపోతాయి.

ఇప్పుడు గుమ్మం సంగతి. బస్సు ముందున్న బోర్డు చదవకుండా ఎక్కేస్తే ఎక్కడ దిగుతామో తెలీదు కదా, మనలో చాలామంది డంజన్‌లోకి అలాగే ఎక్కేస్తాం. పేరు తెర మీద పెద్ద అక్షరాలతో పడుతుంది, చదవం. కాటకోంబ్ అని ఉందా, టన్నెల్ అని ఉందా, కేవ్ అని ఉందా, హీరోస్ గ్రేవ్ అని ఉందా? ఈ నాలుగూ నాలుగు రకాల సరుకు ఇస్తాయి.

టన్నెల్ అంటే స్మితింగ్ స్టోన్లు. గోడలకి మెరుస్తూ అతుక్కుని ఉంటాయి, ఏరుకోవడమే. ఆయుధం పెంచడానికి ఇవి కావాలి, మామూలు ఆయుధం ప్లస్ 25 దాకా పోతుంది, సోంబర్ అనే ప్రత్యేక ఆయుధాల రకం ప్లస్ 10 దాకా. లెవెల్ పెంచుతున్నా దెబ్బ తగలట్లేదు అని ఏడ్చేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్ల కత్తి ప్లస్ 3 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. మొదటి ప్రాంతం లిమ్‌గ్రేవ్‌లో అఘీల్ సరస్సు పక్కనే ఒక గని ఉంది, మొదటి రెండు మూడు గంటల్లోనే వెళ్లొచ్చు. బాస్ స్టోన్‌డిగర్ ట్రోల్, పెద్దోడు, నెమ్మదోడు. లియూర్నియా ప్రాంతంలో రాయా లుకారియా క్రిస్టల్ టన్నెల్ అయితే అసలు వదలొద్దు, అక్కడి బాస్‌ని కొడితే ఒక బెల్ బేరింగ్, అంటే దుకాణంలో కొత్త సరుకు తెరిచే వస్తువు, ఇస్తుంది, దాన్ని మన స్థావరం రౌండ్‌టేబుల్ హోల్డ్‌లో దుకాణం నడిపే ట్విన్ మెయిడెన్ హస్క్స్‌కి అప్పజెప్తే మొదటి రెండు రకాల రాళ్లు రూన్స్‌తో, అంటే ఈ గేమ్ డబ్బుతో, కొనుక్కోవచ్చు. ఆ తర్వాత ఆ రెండు రకాల కోసం వెతుకులాటే లేదు. ఆ బాస్ క్రిస్టేలియన్, ఒళ్లంతా స్ఫటికం. కత్తితో గీకుతూ కూర్చుంటే దాని హెల్త్ కదలదు. గదలాంటి మొద్దు ఆయుధం పట్టుకోండి, ఒకసారి అది మోకాళ్ల మీద పడిందా, ఆ తర్వాత దెబ్బ బాగా దిగుతుంది. ఇక్కడ కత్తి పట్టుకునే వెళ్తాను అని పంతం పట్టకండి, గద అమ్మేవాడు కూడా బతకాలి.

కాటకోంబ్ అంటే ఆత్మలు. స్పిరిట్ యాషెస్, పోరులో తోడుకి పిలుచుకునేవి. బాస్ చచ్చాక చాలాచోట్ల ఇచ్చేది అదే, లోపల దారి పొడవునా నేల మీద పువ్వుల్లా పెరిగే గ్రేవ్ గ్లవ్‌వర్ట్ ఆ యాషెస్‌ని పెంచడానికి. రోడెరికా ఉంది కదా, రౌండ్‌టేబుల్‌లో కూర్చున్నాక ఆవిడ పెంచుతుంది. కాబట్టి మీరు తోడు లేకుండా ఒంటరిగా ఆడే రకం అయితే, యాషెస్ వాడటం పరువు తక్కువ అనుకునే రకం అయితే... ఇక్కడ ఉన్నారని తెలుసు నాకు, నవ్వుతున్నారు... మీకు కాటకోంబ్‌ల అవసరం సగానికి తగ్గిపోతుంది. హాయిగా వదిలేయండి. యాషెస్ మీద ఆధారపడే ఆటైతే కాటకోంబ్ కనిపిస్తే గుర్రం దిగాల్సిందే.

కేవ్ అంటే అదృష్టం. టాలిస్‌మన్, అంటే బలాన్నిచ్చే తాయెత్తు, రావచ్చు, వింత వస్తువు రావచ్చు, మనిషి కూడా దొరకొచ్చు. మర్క్‌వాటర్ కేవ్ గుర్తుందా? దారాలకి గంటలు కట్టి ఉంటాయి, కాలు తగిలితే దొంగలు మీద పడతారు. లోపల బాస్‌లా వచ్చేది ప్యాచెస్. హెల్త్ సగానికి రాగానే కాళ్ల బేరానికి వస్తాడు. ఆపండి! అక్కడ ఆపితే ఆయనే దుకాణం పెట్టుకుని మీకు సరుకులమ్ముతాడు. కొందరు ఆవేశంలో చంపేస్తారు, చంపినా సరుకు వేరే దారిలో వస్తుందనుకోండి, కానీ ప్యాచెస్ లేని ఎల్డెన్ రింగ్ ఉప్పు లేని పప్పే అంటాను నేను.

హీరోస్ గ్రేవ్ అంటే... అది వేరే కథ. దానికి వస్తా.

ఈ నాలుగూ తెలిస్తే ఏమవుతుంది? మీకు ఇవాళ ఏం కావాలో దాన్ని బట్టి వెళ్తారు. కత్తి మొద్దుబారిందా, గని. తోడు బలహీనంగా ఉందా, సమాధి. ఊరికే తిరగాలనుందా, గుహ. జాబితా తెరిచి వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోతే ఏమవుతుందంటే, నాలుగో కాటకోంబ్‌కి విసుగొస్తుంది. విసుగు రావడం మీ తప్పు కాదు. ఒప్పుకోవాల్సిందే, ఈ గేమ్‌లో చిన్న డంజన్ల బాసులు తిరిగి తిరిగి వస్తాయి. ఎర్డ్‌ట్రీ బరియల్ వాచ్‌డాగ్ ఎన్నిచోట్ల ఉందో! పేరు కుక్క, చూడటానికి పిల్లి, ఎగిరి దూకితే ఏనుగు. మొదటిసారి స్టార్మ్‌ఫుట్ కాటకోంబ్‌లో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కేలిడ్ ప్రాంతంలో ఒకే గదిలో రెండు వస్తాయి, అప్పుడు టెన్షన్ వస్తుంది. ఆ తర్వాత ఇంకోచోట కనిపిస్తే "నువ్వా మళ్లీ" అనిపిస్తుంది. అదే రాళ్లు, అదే మెట్లు, అదే లివర్, అదే తలుపు. విమర్శ న్యాయమైనదే. కానీ ఆ విమర్శ అన్నీ వరసపెట్టి ఆడినవాళ్లకి తగిలినంత, అవసరానికి ఆడినవాళ్లకి తగలదు.

లోపలికి వెళ్లాక

సరే, గుమ్మం దాటారు. ఇప్పుడేంటి?

గుమ్మం లోపలే సైట్ ఆఫ్ గ్రేస్, అంటే ఆగి సేదతీరే వెలుగు, ఉంటుంది, అంటించండి. చేతిలో రూన్స్ ఎక్కువుంటే లోపలికి పోకముందే ఖర్చు పెట్టేయండి, లెవెల్ పెంచుకోండి, ఏదైనా కొనుక్కోండి. చచ్చినచోట పడిపోయిన రూన్స్ తీసుకునేలోగా ఇంకోసారి చస్తే అవి పోయినట్టే, ఆ భయంతో ఆడితే చేతులు వణుకుతాయి. మన గుర్రం టోరెంట్ లోపలికి రాదు. ఇంకోటి, బాస్ చచ్చేదాకా లోపల్నుంచి మ్యాప్ తెరిచి వేరేచోటికి ఎగిరిపోవడం కుదరదు. నడిచి బయటికి రావాల్సిందే. బాస్ చచ్చాక మాత్రం గుమ్మం దగ్గరికి చేర్చే వెలుగు అక్కడే వస్తుంది.

ఈ ఎగిరిపోలేకపోవడం ఎంత గట్టి దెబ్బో కొత్తవాళ్లకి ముందే నేర్పించే ఒక పెట్టె ఉంది. అఘీల్ సరస్సు మధ్యలో డ్రాగన్-బర్న్‌ట్ రూయిన్స్, ఆ శిథిలాల కింద నేలమాళిగ, అందులో పెట్టె. తెరిచారా... పొగ. కళ్లు తెరిస్తే కేలిడ్‌లో, సెలియా క్రిస్టల్ టన్నెల్‌లో ఉంటారు. లెవెల్ పదికి కూడా రాకుండా. మ్యాప్ తెరిస్తే ఎగరనివ్వదు. చుట్టూ గనివాళ్లు, ఒక్క దెబ్బకి సగం ప్రాణం. ఇక్కడ చాలామంది ఏం చేస్తారంటే బాస్‌ని కొడితేనే బయటపడతాం అనుకుని లోపలికే పోతారు. వద్దు. అక్కడి బాస్ ఫాలింగ్‌స్టార్ బీస్ట్, దానికి మీరు పలహారం. గని నుంచి బయటికి మామూలు దారి ఉంది, దాక్కుంటూ, పరిగెత్తుతూ బయటపడండి. ఆకాశం కనిపించగానే మ్యాప్ తెరిచి ఇంటికి పొండి. ఆకాశం ఎర్రగా ఉంటుంది, భయపడకండి, కేలిడ్ అంతే.

చీకటి గుహలకి కాగడా తీసుకెళ్లండి. చర్చ్ ఆఫ్ ఎల్లేలో కాలే అనే వర్తకుడు 200 రూన్స్‌కి అమ్ముతాడు. తర్వాత లాంతరు దొరికితే ఇంకా మంచిది, నడుముకి తగిలించుకోవచ్చు, చేతులు ఖాళీగా ఉంటాయి.

కాటకోంబ్ అయితే పైకి చూస్తూ నడవండి. ఇంప్‌లు, ఆ చిన్న రాతి దెయ్యాలు, గోడకి బల్లుల్లా అతుక్కుని ఉంటాయి. తలుపు దాటగానే పక్క మూలలో ఒకటుంటుంది. ఎప్పుడూ ఒకటుంటుంది. ముందు ఒకటి కనిపించి రా రా అన్నట్టు ఉందంటే వెనక ఇంకోటి ఉందని లెక్క. నిప్పు కక్కే స్తంభాలు ఉంటాయి, వాటికి భయపడి రోల్ చేస్తూ పోయేవాళ్లని చూశాను, స్తంభాన్ని కత్తితో కొట్టండి, కిందికి దిగిపోతుంది. అస్థిపంజరాలు పడిపోయాక లేస్తాయి, పడిన కుప్ప తెల్లగా మెరుస్తున్నప్పుడే ఇంకో దెబ్బ వేయాలి. క్రిస్టల్ డార్ట్స్ అని చిన్న బాణాల్లాంటివి ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. ఇంప్‌ల మీద, వాచ్‌డాగ్‌ల మీద, గోలెమ్‌ల మీద కొన్ని విసిరి చూడండి, పిచ్చెక్కి తోటివాళ్లనే కొడతాయి. రెండు వాచ్‌డాగ్‌లు ఉన్న గది చెప్పాను కదా ఇందాక, అక్కడ ప్రయత్నించండి, కూర్చుని సినిమా చూడొచ్చు.

పెద్ద తలుపు మూసి ఉంటే లివర్ ఎక్కడో ఉంది. దారి అయిపోయినట్టుండి, బాస్ కూడా చచ్చి, ఏదో వెలితిగా అనిపిస్తే గోడల్ని కొట్టి చూడండి. కొన్ని గోడలు మాయ గోడలు. బ్లాక్ నైఫ్ కాటకోంబ్స్‌లో సెమెటరీ షేడ్ అనే బాస్‌ని కొట్టి చాలామంది బయటికొచ్చేస్తారు. అదే చోట ఒక మాయ గోడ వెనక రెండో బాస్ ఉంది, బ్లాక్ నైఫ్ అసాసిన్, అది ఇచ్చే వస్తువు రోజియర్ అనే పాత్ర కథకి కావాలి. అక్కడే పైనుంచి పడే పెద్ద బ్లేడు మీదెక్కి, అది పైకి లేస్తుంటే దాంతోపాటు పైకి పోవచ్చు. చంపడానికి పెట్టిన దాన్నే లిఫ్ట్‌లా వాడుకోవాలని మొదట కనిపెట్టిన మనిషికి దండం పెట్టాలి.

మాయ గోడల గురించి నేల మీద జనం రాసే మెసేజ్‌లు నమ్మాలా? సగం అబద్ధాలు. ఏమీ లేని గోడ ముందు "ముందు రహస్య దారి" అని రాసి నవ్వుకునే జనం మనం. కానీ ఒకే గోడ ముందు పదిమంది రాసి ఉంటే, రక్తపు మరకలు ఎక్కువుంటే, ఏదో ఉందని లెక్క.

ఇప్పుడు హీరోస్ గ్రేవ్. గేమ్ మొదలవగానే, ఇంకా బయటి లోకం కూడా చూడకముందే, ఒక పొగ తెర కనిపిస్తుంది, పక్కన తాళంలా ఇంప్ విగ్రహాలు. ఫ్రింజ్‌ఫోక్ హీరోస్ గ్రేవ్. రెండు స్టోన్‌స్వర్డ్ కీలు అడుగుతుంది. పాత్రని తయారుచేసేటప్పుడు కీప్‌సేక్‌గా, అంటే మొదట్లోనే వెంట తెచ్చుకునే వస్తువుగా, ఆ కీలే ఎంచుకుంటే మొదటి పది నిమిషాల్లోనే తెరవొచ్చు. తెరిస్తే ఏముంటుంది? వాలుగా ఉన్న పొడవాటి దారి, దాని మీద దొర్లుతూ పైకీ కిందికీ తిరిగే రథం. తగిలితే చావే. గోడల్లో అక్కడక్కడా గూళ్లు, రథం పోగానే ఒక గూట్లోంచి ఇంకో గూట్లోకి పరుగు. లోపల విషం నీళ్లు. చివర్న అల్సరేటెడ్ ట్రీ స్పిరిట్, ఇరుకు గదిలో గింగిరాలు తిరిగే చెట్టు పాము. గెలిస్తే మందు సీసాలు పెంచే ఒక గోల్డెన్ సీడ్, బానిష్డ్ నైట్ ఒలెగ్ యాషెస్. ఒలెగ్ చాలా మంచి తోడు. కానీ మొదటి పది నిమిషాల్లో తెరవగలిగినంత మాత్రాన మొదటి పది నిమిషాల్లో గెలవాలని ఎక్కడా రాసి లేదు. గేమ్ తలుపు మొదట్లో పెట్టింది, తిరిగి రమ్మని. రండి, తర్వాత రండి.

అసలు ఎప్పుడు వదిలేసి పోవాలి? నా లెక్క మొరటుగా ఉంటుంది. దారిలో ఉండే మామూలు శత్రువు రెండు దెబ్బల్లో చంపేస్తుంటే, మీ దెబ్బకి దాని హెల్త్ గోటి మందం కూడా తగ్గకపోతే, బాస్ దాకా పోవడం దండగ. గుర్తు పెట్టుకుని బయటికి రండి. డంజన్ ఎక్కడికీ పోదు. పంతం మీద రెండు గంటలు పోగొట్టుకుని గేమే డిలీట్ చేసిన స్నేహితులు నాకున్నారు, మీకూ ఉంటారు.

ఇప్పటిదాకా లాభనష్టాల లెక్కే చెప్పాను. లాభం లేకపోయినా ఆడాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటి గురించి చెప్పకపోతే అన్యాయం.

లేండెల్ కింద మురుగు కాలువలు దాటి ఇంకా కిందికి పోతే లేండెల్ కాటకోంబ్స్. నడుస్తారు, ఒక హాలు, మెట్లు, మలుపు. ఇంకాస్త నడిస్తే అదే హాలు, అవే మెట్లు. ఇంకాస్త... అదే. గుండ్రంగా తిరుగుతున్నానా? ఇందాక చంపినవాడు మళ్లీ ఎలా లేచాడు? తిరగట్లేదండి మీరు. ఒకేలా కట్టిన గదులు వేరువేరుగా ఉన్నాయి అక్కడ, దారి తప్పామని మనకి అనిపించాలనే కట్టారు. ఒక రెయిన్‌బో స్టోన్, మెరిసే గుర్తు రాయి, కింద వేసి ముందుకి పోండి, మళ్లీ "అదే" హాలు వచ్చినప్పుడు ఆ వెలుగు అక్కడ లేదంటే ఇది వేరే హాలని అర్థం. కొత్త బొమ్మలేం వాడలేదు ఇక్కడ. అవే రాళ్లు, అవే మెట్లు. ఇందాక మనం తిట్టిన అవే రాళ్లు! వాటితోనే ఇంత గమ్మత్తు చేశారు. ఆల్టస్ వైపు ఆరిజా సైడ్ టూంబ్‌లో పెట్టెలు తెరిస్తే ఇంకో గదికి విసిరేస్తాయి, అక్కడ కూడా బుర్ర తిరుగుతుంది.

కేలిడ్‌లో వార్-డెడ్ కాటకోంబ్స్. రడాన్ అనే బాస్‌ని ఓడించాక గానీ అక్కడికి దారి ఉండదు. లోపల రడాన్ సైనికుల ఆత్మలూ, మలీనియా వైపు క్లీన్‌రాట్ నైట్ల ఆత్మలూ ఇంకా కొట్టుకుంటూనే ఉంటాయి. పైన యుద్ధం ఎప్పుడో అయిపోయింది, వాళ్లకి ఎవరూ చెప్పలేదు. మీరు కత్తి తియ్యక్కర్లేదు కూడా, ఒక మూల నిలబడితే వాళ్లలో వాళ్లే తగ్గిపోతారు, మీకు రూన్స్ వస్తూ ఉంటాయి. నాకు మాత్రం ఈ గేమ్‌లో కథ బాగా చెప్పిన చోటు ఏదంటే పెద్ద పెద్ద కట్‌సీన్ల కన్నా ముందు అదే గుర్తొస్తుంది.

ఇంకో దారం. సమ్మన్‌వాటర్ గ్రామంలో పడవ మీద తిరిగే అస్థిపంజరం, టిబియా మారినర్, దాన్ని కొడితే డెత్‌రూట్ ఇస్తుంది. అది పట్టుకుని కేలిడ్ అవతల బీస్టియల్ శాంక్టమ్‌లో గురాంక్ అనే పాత్రకి తినిపిస్తే ఆయన ఒక కన్ను ఇస్తాడు, బీస్ట్ ఐ. ఆ తర్వాత డెత్‌రూట్ ఉన్న చోటికి దగ్గరగా వస్తే ఆ కన్ను అదిరినట్టు తెర మీద మాట పడుతుంది. ఇందాక సెన్సార్ లేదన్నాను కదా, ఇది ఒకరకంగా సెన్సారే, కాకపోతే కష్టపడి సంపాదించుకోవాలి. గేమ్ మొత్తంలో 9 డెత్‌రూట్లు, వాటిలో కొన్ని కాటకోంబ్‌ల చివర పెట్టెల్లో ఉంటాయి. కాటకోంబ్‌లు బోర్ అనేవాళ్లకి ఇది ఒక మంచి సాకు.

డీఎల్‌సీ గురించి రెండు ముక్కలు, టైమ్ అయిపోతోందని సైగ చేస్తున్నారు. షాడో ఆఫ్ ద ఎర్డ్‌ట్రీ 2024 జూన్ 21న వచ్చింది. చిన్న డంజన్ల మీద జనం పెట్టిన మొర విన్నారనే అనుకుంటున్నా, సంఖ్య తగ్గించారు, ఒక్కోటి పెద్దగా కట్టారు. పాడుబడ్డ కొలిమిలు ఉన్నాయి, వాటి చివర బాసే ఉండదు. తలుపు తెరిచి అంతా రెడీ అయ్యి లోపలికి పోతే ఎవరూ లేరు, సరుకు తీసుకుని రావడమే. గావోల్‌లు ఉన్నాయి, జైళ్లన్నమాట, అక్కడి పెద్ద జాడీల్లో ఏముందో తెలిశాక కాసేపు అన్నం సయించదు. ఇక డార్క్‌లైట్ కాటకోంబ్స్, అది చూడటానికి మామూలు ఆప్షనల్ డంజనే. దాని బాస్‌ని దాటితే అవతల అబిసల్ వుడ్స్ అని ఒక అడవి మొత్తం తెరుచుకుంటుంది, టోరెంట్ కూడా రానని మొరాయించే అడవి. దాని చివర ఒక బంగళా, అందులో మిడ్రా అనే బాస్. ఆ సమాధి తలుపు దగ్గర "మళ్లీ కాటకోంబా" అని వెనక్కి తిరిగినవాళ్లకి ఈ అడవి ఉన్నట్టే తెలీదు. ఇక్కడ ఎంతమంది తిరిగారు? ఆ... చెయ్యెత్తక్కర్లేదు, మొహాలు చెప్తున్నాయి. ఇవాళ ఇంటికెళ్లి చూడండి.

ప్రశ్నలా? ఆ తమ్ముడు, చారల చొక్కా. స్టోన్‌స్వర్డ్ కీలు దాచుకోవాలా, వాడేయాలా అంటున్నాడు. వాడేసెయ్. వర్తకుల దగ్గర దొరుకుతాయి, శవాల దగ్గర దొరుకుతాయి, గేమ్ చివరికి వచ్చేసరికి జేబులో మిగిలిపోయి ఉంటాయి. నా దగ్గర ఎప్పుడూ కొరత రాలేదు. మొదటి రెండూ ఫ్రింజ్‌ఫోక్‌కే పెట్టు, కానీ కాస్త లెవెల్ పెంచుకుని వెళ్లు, రథం పైకి పోతున్నప్పుడే పరిగెత్తు, కిందికొస్తున్నప్పుడు గూట్లోంచి తల కూడా బయట పెట్టకు.